తారాజువ్వ నుండి బియ్యపు గింజ దాకా

శుభకృత్ నామ సంవత్సర ఉగాది నాడు, అనగా 2022 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి, ఎనిమిది గంటలు కావస్తుండగా విదర్భ ఆకాశాన నిప్పుల చారలు బారులు తీరి సాగిపోయాయి. మనవారు ఉగాది పచ్చడి తిని, మరాఠీ సోదరులు గుఢీ ఎత్తి, పండుగ ముగించుకొని ఆరుబయట కూర్చున్న వేళ అది. తోకచుక్క అన్నవారున్నారు, ఉల్కాపాతమన్నవారున్నారు, విమానమేదో కూలిపోతున్నదని భయపడినవారూ ఉన్నారు. ఆ రాత్రే మన జిల్లాలోని సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామంలో, ఇళ్ళ చెంతనే ఉన్న ఖాళీ జాగాలో, సుమారు మూడు మీటర్ల వ్యాసం గల లోహపు కంకణం ఒకటి ఆకాశం నుండి పడింది. అదే తాలూకాలోని పవన్‌పార్ వద్ద గోళాకారపు లోహపాత్ర దొరికింది. దైవకృప వలన ఎవరికీ గాయం కాలేదు. కొద్ది రోజులకు ఇస్రో శాస్త్రజ్ఞులు వచ్చి వాటిని పరిశీలించారు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన చాంగ్ ఝెంగ్ 3బి అనే రాకెట్టు మూడవ అంచె, ఏడాదికి పైగా భూమి చుట్టూ తిరిగి తిరిగి, చివరకు వాయుమండలంలో ప్రవేశించి కాలిపోగా మిగిలిన శకలాలివి అని అంతరిక్ష పరిశీలకుల అభిప్రాయం.

ఈ ప్లాటినం జూబిలీ సంచికకు చరిత్ర విషయకంగా ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. పాఠశాల చరిత్ర వ్రాయడానికి నాకంటె పెద్దలు, తొలి తరగతులలో చదువుకున్న పూర్వవిద్యార్థులు ఉన్నారు. కనుక నేను ఈ పాఠశాల ఆయుర్దాయంలోనే పుట్టి పెరిగిన ఒక విద్యను గురించి వ్రాయ సంకల్పించాను. మన బడిలో మొదటి గంట మ్రోగిన నాటికి ఆకాశంలో మానవుడు నిలిపిన ఉపగ్రహం ఒక్కటి కూడా లేదు. గుండెలో యంత్రం ధరించిన మనిషి లోకంలో ఒక్కడూ లేడు. పుట్టు చెవుడుతో పుట్టిన బిడ్డకు వినికిడి కలిగించవచ్చునని ఎవరైనా అంటే వారిని వెర్రివారి క్రింద జమకట్టేవారు. ఈ మూడూ ఈ డెబ్బయి అయిదేళ్ళలోనే జరిగాయి. ఒకటి ఆకాశానికి ఎక్కిన విద్య, తక్కినవి శరీరంలోనికి దిగిన విద్యలు. వీటికి గల చుట్టరికమెట్టిదో చూపడమే ఇక్కడ నా ఉద్దేశ్యం.

ముందుగా రాకెట్టు సంగతి. దీపావళి మందుగుండును మనం బాణసంచా అంటాము. ఆ మాటలోనే బాణం ఉన్నది. తారాజువ్వ ఎట్లా పైకి పోతుందని ఏడవ తరగతి పిల్లలనడిగితే నూటికి తొంభైమంది "క్రింది గాలిని త్రోసి పైకి పోతుందండీ" అంటారు. అది సరికాదు. జువ్వ త్రోసేది గాలిని కాదు, తన కడుపులో మండిన మందు వాయువును. ఆ వాయువు వెనుకకు పోతే జువ్వ ముందుకు పోతుంది. బయట గాలి లేకపోతే మరింత చక్కగా పోతుంది. ఈ పొరపాటు పిల్లలకే పరిమితం కాదు. అమెరికాలో రాబర్ట్ గొడ్డార్డ్ అనే ఆచార్యుడు రాకెట్టు శూన్యంలో కూడా పోగలదని చెప్పినందుకు 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆయనకు బడి పిల్లలకున్న జ్ఞానం కూడా లేదని ఎగతాళి చేసింది. చంద్రునిపైకి మనుషులు బయలుదేరిన మరునాడు, 1969 జూలై 17న, అదే పత్రిక తన తప్పును సవరించుకున్నది. అప్పటికి గొడ్డార్డ్ గతించి ఇరవై నాలుగేళ్ళు.

మందు దట్టించిన గొట్టాన్ని యుద్ధంలో వాడడం చైనాలో మొదలైనా, దానికి ఇనుప తొడుగు వేసి ఒక క్రొత్త ఆయుధంగా తీర్చిన ఘనత మన దక్షిణాదిలోని మైసూరు పాలకులైన హైదరాలీ, టిప్పు సుల్తానులది. ఇందులో ఇంజనీరింగు రహస్యం ఒక్కటే. కాగితపు గొట్టంలో, వెదురు బొంగులో మందు గట్టిగా కూరితే గొట్టమే పగిలిపోతుంది. ఇనుప గొట్టమైతే లోపలి ఒత్తిడిని ఓర్చుకుంటుంది. ఒత్తిడి ఎంత ఎక్కువైతే వాయువు అంత వేగంగా వెలువడుతుంది, బాణం అంత దూరం పోతుంది. 1780 సెప్టెంబరులో కంచి సమీపాన పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ సేన ఓడిపోవడంలో ఈ బాణాలకు పాలున్నది. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత ఇంగ్లీషువారు వాటిని తమ దేశానికి కొనిపోయి పరీక్షించగా, విలియం కాంగ్రీవ్ వాటి మాదిరిగా తన రాకెట్లను తయారు చేశాడు. 2018లో శివమొగ్గ జిల్లా నగర కోట ప్రాంతపు పాత బావిలో వెయ్యికి పైగా ఇనుప రాకెట్లు బయటపడ్డాయి. అబ్దుల్ కలాం గారు యువకునిగా అమెరికాలోని వాలప్స్ ద్వీపానికి శిక్షణకు వెళ్ళినప్పుడు అక్కడి కార్యాలయంలో టిప్పు సేన రాకెట్లు ప్రయోగిస్తున్న చిత్రపటాన్ని చూసి ఆశ్చర్యపోయినట్లు తమ ఆత్మకథలో వ్రాసుకున్నారు. మనం మరచిపోయిన దానిని పరాయి దేశంవారు గోడకు తగిలించుకున్నారన్న మాట.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే కాబట్టి త్వరగా దాటుతాను. రష్యాలో కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ అనే చెవిటి బడిపంతులు 1903లో రాకెట్టు గణితాన్ని ప్రకటించాడు. చిన్నతనంలో జ్వరం వచ్చి ఆయన వినికిడి పోయింది. బడికి పోలేక ఇంటనే పుస్తకాలు చదువుకున్నాడు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోగోరుతాను. 1926 మార్చి 16న గొడ్డార్డ్ ద్రవ ఇంధనంతో ఎగురవేసిన తొలి రాకెట్టు రెండున్నర సెకన్లలో పన్నెండు మీటర్ల ఎత్తుకు లేచి క్యాబేజీ తోటలో పడింది. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీవారి వి-2 లండను మీద కురిసింది. అందులో విజ్ఞానం ఎంత ఉన్నదో, దానిని తయారు చేసిన ఖైదీ కూలీల రక్తమూ అంత ఉన్నది.

నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ ఆయువుపట్టు 1957వ సంవత్సరం. ఆ సంవత్సరం అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను భూమి చుట్టూ తిప్పింది. దాని బరువు 83.6 కిలోలు. మూడు వారాలపాటు అది పంపిన బీప్ బీప్ శబ్దాలను లోకమంతటా రేడియో ఔత్సాహికులు విన్నారు. ఇది అందరూ చెప్పుకునే కథ. అదే సంవత్సరం స్టూవర్ట్ మెకే, బెర్టిల్ యాకబ్‌సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మనిషి మింగదగిన చిన్న గుళికలో ట్రాన్సిస్టరుతో రేడియో ప్రసారిణిని అమర్చి, అది కడుపులో, ప్రేగులలో ప్రయాణిస్తూ అక్కడి ఒత్తిడిని, వేడిమిని బయటికి తెలియజేసే ఏర్పాటును ప్రకటించారు. అదే సంవత్సరం ఫిబ్రవరి 25న ప్యారిస్‌లో ఆంద్రే జూర్నో, షార్ల్ ఎరియెస్ అనే వారు పూర్తిగా వినికిడి పోయిన ఒక వ్యక్తి చెవి లోపలి నాడి చెంత తీగచుట్టనొకదాన్ని అమర్చారు. చర్మానికి వెలుపల మరొక చుట్టను ఉంచి, నడుమ తీగ అనేది లేకుండా, విద్యుత్ ప్రేరణ ద్వారా శబ్దాన్ని లోపలికి పంపారు. మాటలను స్పష్టంగా పోల్చుకోలేకపోయినా ఆ మనిషికి శబ్దమంటూ తెలిసింది, దాని లయ తెలిసింది. కొద్ది వారాలకే ఆ చుట్ట పనిచేయడం మానినా, దారి మాత్రం తెరచుకున్నది.

ఒకే సంవత్సరంలో ఒక రేడియో ఆకాశానికి ఎక్కింది, ఒక రేడియో కడుపులోనికి దిగింది, ఒక తీగచుట్ట చెవిలో చేరింది. ఈ ముగ్గురూ ఒకరినొకరు చూసి చేసినవారు కారు. రాకెట్టు విద్య లేకపోతే గుండె యంత్రం వచ్చేది కాదని కొందరు ఉపన్యాసాలలో చెప్పడం విన్నాను. అది అతిశయోక్తి. గుండె యంత్రం ట్రాన్సిస్టరుకు బిడ్డ, ట్రాన్సిస్టరు 1947 నాటిది. అయితే వీరందరి ఎదుటా నిలిచిన చిక్కు ఒక్కటే. ఒకసారి పంపిన తరువాత చేయిపెట్టి సరిచేయడానికి వీలులేని చోటికి యంత్రాన్ని పంపడం. సైకిలు చెడితే వీధి మలుపులో బాగుచేయించుకుంటాము. కక్ష్యలో తిరిగే ఉపగ్రహాన్ని గాని, పక్కటెముకల వెనుకనున్న యంత్రాన్ని గాని అట్లా చేయలేము. కనుక అది చిన్నదై ఉండాలి, తేలికై ఉండాలి, తక్కువ విద్యుత్తుతో ఏళ్ళ తరబడి నడవాలి, తన బాగోగులు తానే కబురు పంపాలి. ఆకాశానికైనా, అంతరంగానికైనా ఈ నాలుగు షరతులే.

గుండె యంత్రం కథ చూడండి. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి వైద్యుడు ఓకె సెన్నింగ్, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ కలిసి మొదటి పేస్‌మేకరును శరీరంలో అమర్చారు. గుండె కొట్టుకోవడం తప్పి ఆయన దినానికి పలుమార్లు స్పృహ కోల్పోయేవాడు. ఆయన భార్య ఆ వైద్యుని, ఇంజనీరును వదలక వెంటబడి ఒప్పించిందని చెబుతారు. బజారులో దొరికే బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి ఆ యంత్రాన్ని పోతపోశారు. అందులోని బ్యాటరీకి బయటినుండే, తీగ లేకుండా, విద్యుత్తు ఎక్కించేవారు. మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. రెండవది పెట్టారు. ఆ తరువాత జీవితంలో ఆయనకు ఇరవైకి మించి యంత్రాలు మార్చవలసి వచ్చింది. అయినా ఆ మనిషి 2001 వరకు, 86 ఏళ్ళు బ్రతికాడు. తనకు ప్రాణం పోసిన వైద్యునికంటె, ఇంజనీరుకంటె ఎక్కువ కాలం బ్రతికాడు. అమెరికాలో విల్సన్ గ్రేట్‌బ్యాచ్ అనే ఇంజనీరు గుండె సవ్వడిని నమోదు చేసే పరికరం తయారు చేస్తూ పొరపాటున ఒక రెసిస్టరుకు బదులు మరొకటి అతికించగా, అది గుండెవలె ఆగి ఆగి కొట్టుకోసాగిందట. దాని నుండి తయారైన యంత్రాన్ని 1960లో రోగులకు అమర్చారు. 1972లో లిథియం బ్యాటరీ రావడంతో ఏడాది రెండేళ్ళకొకసారి ఛాతీ కోయించుకునే బాధ తప్పింది.

మన దేశంలో రాకెట్టు కథ 1963 నవంబరు 21న కేరళలోని తుంబ చర్చి ఆవరణ నుండి మొదలైంది. మన తెలుగునేలకు అది శ్రీహరికోట ద్వారా వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లాలో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ సరుగుడు తోటలతో నిండిన ఆ దీవిని 1969లో ఎంపిక చేశారు. తూర్పున సముద్రం ఉండడం, విఫలమైన రాకెట్టు జనావాసాలపై పడకుండడం, భూమి తిరిగే దిశలోనే ప్రయోగించగలగడం ఈ ఎంపికకు కారణాలు. ఆ దీవిలో తరతరాలుగా చేపలు పట్టి, అడవి దుంపలు త్రవ్వి, మూలికలు ఏరి జీవించిన యానాదులు అక్కడి నుండి కదలవలసి వచ్చింది. శ్రీహరికోట విజయాలను వ్రాసేవారు ఈ ఒక్క వాక్యాన్ని తరచుగా విడిచిపెడతారు. మన రాజురా, బల్లార్షా, ఘుగ్గుస్ ప్రాంతాలలో బొగ్గు గనుల కోసం ఊళ్ళు ఖాళీ చేసిన కుటుంబాల పిల్లలు మన బడిలో చదువుకున్నారు కనుక నేను దానిని విడిచిపెట్టలేను.

శ్రీహరికోట నుండి 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టు ఎగిరింది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 ప్రయోగం విఫలమై రాకెట్టు బంగాళాఖాతంలో కూలింది. ఆ ప్రాజెక్టు నాయకుడు కలాం గారే. 1980 జూలై 18న రెండవ ప్రయత్నంలో 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో నిలిచింది. ఇక్కడొక లెక్క చెప్పాలి. ఆ రాకెట్టు పొడవు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. అది పైకి మోయగలిగినది 40 కిలోలు. అంటే 17 వేల కిలోలు మండి, ఊడి, రాలిపోతే తప్ప మన అయిదవ తరగతి పిల్లవాని బరువు కక్ష్య చేరదు. అందువలన రాకెట్టు కట్టేవానికి ప్రతి గ్రామూ బంగారమే. ఉక్కు చేయగల పనిని ఉక్కులో నాలుగో వంతు కూడా బరువులేని పదార్థంతో చేయించాలన్న తపన అక్కడ పుట్టింది.

ఆ తపన హైదరాబాదులో మరొక విధంగా ఫలించింది. 1982లో కలాం గారు హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చారు. 1989 మే 22న ప్రయోగించిన అగ్ని క్షిపణి వాయుమండలంలోనికి తిరిగి వచ్చేటప్పుడు పుట్టే విపరీతమైన వేడిని ఓర్చుకునేందుకు కర్బన తంతువులతో తేలికైన మిశ్రమ పదార్థాలను తయారు చేశారు. ఆ ప్రయోగశాలను చూడవచ్చిన నిమ్స్ ఆస్పత్రి ఎముకల వైద్యులొకరు ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, దాని తేలికదనానికి విస్తుపోయి, కలాం గారిని తమ వార్డుకు తీసుకొనిపోయారు. అక్కడ పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్లు కాళ్ళకు కట్టుకొని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాలలోనే క్షిపణి పదార్థంతో సుమారు 300 గ్రాముల కాలిపరు తయారైంది. పిల్లలు పరుగెత్తారు, తల్లిదండ్రులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. తమ జీవితంలో అత్యంత ఆనందం కలిగించిన పనులలో ఇది ఒకటని కలాం గారు ఎన్నో సభలలో చెప్పారు. ఆ తరువాత ఆయన, హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు గారు కలిసి 1990వ దశకంలో గుండె రక్తనాళాన్ని తెరచి ఉంచే స్టెంటును స్వదేశంలో రూపొందించారు. విదేశీ స్టెంటుల ధర సామాన్యుడు తలెత్తి చూడలేనంతగా ఉన్న రోజులవి. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం స్టెంటుల ధరలకు హద్దు విధించినప్పుడు మామూలు లోహపు స్టెంటును 7,260 రూపాయలుగా, మందు పూసినదానిని 29,600 రూపాయలుగా నిర్ణయించింది.

విశాఖపట్నంలోని నావికాదళ ప్రయోగశాల ముఖ్యంగా టార్పెడోల కోసం స్థాపించబడినది. అక్కడి ఇంజనీర్లు చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటును స్వదేశంలో రూపొందించే పని చేపట్టారు. సముద్రంలో ఆయుధం చేసేవారికి చెవితో ఏమి పని అని అనిపించవచ్చు. కొంచెం ఆలోచిస్తే అందులో ఔచిత్యం కనబడుతుంది. మానవ శరీరం కూడా ఉప్పునీటి సంచివంటిదే. ఉప్పునీటిలో రేడియో తరంగాలు ఎక్కువ దూరం పోలేవు, శబ్ద తరంగాలు పోతాయి. బొగ్గు గనిలో దిగిన మన తండ్రులకు, అన్నలకు ఇటువంటి అనుభవమే ఉన్నది. పైన ఎంత బాగా పలికే రేడియో అయినా భూమి క్రింద నోరు మూసుకుంటుంది. అందువలన శరీరంలోని యంత్రాలు బయటికి కబురు పంపడానికి కొన్ని ప్రత్యేక పద్ధతులు కావలసి వచ్చాయి. చర్మానికి అటూ ఇటూ తీగచుట్టలు ఎదురెదురుగా పెట్టడం ఒకటి. వైద్య యంత్రాలకని 402 నుండి 405 మెగాహెర్ట్జ్ వరకు రేడియో పట్టీని వేరుచేసి ఉంచడం మరొకటి. అమెరికాలో 1999లో ఆ ఏర్పాటు జరిగింది. మూడవది అతిధ్వనులను వాడడం. 2016లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంవారు మూడు మిల్లీమీటర్ల పొడవు గల, బ్యాటరీయే లేని ఒక యంత్రాన్ని ఎలుకల నరాల వద్ద అమర్చి, బయటినుండి అతిధ్వనులు పంపి, అవి తిరిగి వచ్చిన తీరును బట్టి నరం సంకేతాలను చదివారు. దానికి నాడీ ధూళి అనదగిన పేరు పెట్టారు.

అదే 2016లో అమెరికాలో ఆమోదం పొందిన తీగలులేని పేస్‌మేకరు పెద్ద మందుగుళిక పరిమాణంలో, రెండు గ్రాముల బరువుతో, నేరుగా గుండె గదిలోనే కూర్చుంటుంది. ఛాతీ కోయనక్కరలేదు, తొడ రక్తనాళం గుండా పంపుతారు. 2025 ఏప్రిల్‌లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు బియ్యపు గింజకంటె చిన్నదైన పేస్‌మేకరును ప్రకటించారు. దాని పొడవు మూడున్నర మిల్లీమీటర్లు. శరీరంలోని ద్రవాలే దానికి బ్యాటరీగా పనిచేస్తాయి. ఛాతీపై అంటించిన పట్టీ వెలుగును చిమ్మగా ఆ వెలుగు చర్మం గుండా చొరబడి యంత్రాన్ని నడుపుతుంది. గుండెలో రంధ్రంతో పుట్టి శస్త్రచికిత్స జరిగిన పసిబిడ్డలకు కొద్ది రోజులే పేస్‌మేకరు అవసరం. పని తీరిన తరువాత తీగలు లాగి తీయడం ప్రమాదకరం కనుక, ఈ యంత్రం తనంత తానే శరీరంలో కరిగిపోయేటట్లు చేశారు. ఇంకా ఇది ప్రయోగదశలోనే ఉన్నది. పత్రికలు చూసి రేపే మన నాగపూరు ఆస్పత్రులలో దొరుకుతుందని ఎవరూ భ్రమపడరాదు.

ఇక మన పిల్లలకు దగ్గరైన విషయం. కాక్లియర్ ఇంప్లాంటు మామూలు చెవి మిషను వంటిది కాదు. చెవి మిషను శబ్దాన్ని పెద్దది చేస్తుంది. లోపలి చెవిలోని సన్నని రోమకణాలే చచ్చిపోయినప్పుడు ఎంత పెద్ద శబ్దమైనా వ్యర్థం. ఈ యంత్రం ఆ కణాలను దాటిపోయి, నత్తగుల్ల ఆకారపు లోపలి చెవిలో అమర్చిన విద్యుత్ తంతువు ద్వారా నాడిని నేరుగా తడుతుంది. చెవి వెనుక ధరించిన పెట్టె మాటను విని, విడగొట్టి, తలకు అయస్కాంతంతో అంటుకున్న బిళ్ళ ద్వారా, చర్మం గుండా, తీగ లేకుండా లోపలికి పంపుతుంది. లోపలి భాగానికి బ్యాటరీ లేదు. సంకేతమూ, విద్యుత్తూ రెండూ బయటినుండే పోతాయి. 1957లో ప్యారిస్‌లో పెట్టిన తీగచుట్టకు ఇది మునిమనుమరాలు.

అయితే యంత్రానికి లేని గడువు బిడ్డ మెదడుకు ఉన్నది. పుట్టుకతో వినని బిడ్డకు మొదటి మూడు నాలుగేళ్ళలోపు శబ్దం చేరకపోతే, మెదడులో వినికిడికని ఉన్న భాగం ఇతర పనులకు మళ్ళిపోతుంది. తరువాత యంత్రం పెట్టినా శబ్దం వినబడుతుంది గాని మాటగా అర్థం కావడం మిక్కిలి కష్టం. కేంద్ర ప్రభుత్వ పథకం క్రింద ఉచితంగా ఇంప్లాంటు అమర్చడానికి పుట్టు చెవుడు గల పిల్లలకు అయిదేళ్ళ వయోపరిమితి విధించడానికి కారణమిదే. ఆ పథకాన్ని నడిపే సంస్థ ముంబయి బాంద్రాలో 1983లో స్థాపించిన అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ. నవాబ్ అలీ యావర్ జంగ్ గారు హైదరాబాదువారు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు, మహారాష్ట్ర గవర్నరుగా ఉంటూ 1976లో పరమపదించారు. రెండు రాష్ట్రాల నడుమ బ్రతికే మనవంటివారికి ఆయన పేరు పరాయిది కాదు.

కొన్నేళ్ళ క్రితం మన బడిలో ఒకటవ తరగతిలో ఏడేళ్ళ పిల్లవాడు చేరాడు. పిలిస్తే పలకడు, చెప్పినది చేయడు. మొండివాడని ఇంటిలోనూ, ఇరుగుపొరుగులోనూ ముద్ర పడిపోయింది. గనులలో డ్రిల్లింగు, బ్లాస్టింగు మధ్య పనిచేసిన తండ్రులకు వినికిడి మందగించడం, ఆ ఇళ్ళలో అందరూ కేకవేసి మాట్లాడుకోవడం మన ప్రాంతంలో మామూలు. కేకలు వేసే ఇంటిలో బిడ్డ చెవిటితనం తొందరగా బయటపడదు. పెదవుల కదలిక చూసి, చేతి సైగలు చూసి ఆ బిడ్డ నెట్టుకొస్తాడు. మా తరగతి టీచరు బోర్డువైపు తిరిగి మాట్లాడినప్పుడు మాత్రమే వాడు దారి తప్పుతున్నాడని కనిపెట్టి పరీక్షకు పంపాము. రెండు చెవులూ దాదాపు శూన్యమని తేలింది. ఆ వయసులో శస్త్రచికిత్స వలన ఎక్కువ ప్రయోజనం ఉండదని వైద్యులు చెప్పారు. వాడు బధిరుల పాఠశాలకు వెళ్ళి సైగల భాష నేర్చుకున్నాడు. సైగల భాషా నిండైన భాషే, దానిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. వాడు అక్కడ చక్కగా చదువుకుంటున్నాడు. అయితే వాని తల్లికి తెలుగు తప్ప మరొక భాష రాదు. సైగలు ఆమె ఆలస్యంగా, కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నది. మొన్న పండుగకు వచ్చి, "అమ్మా, వాడి బడిలో సంగతులు వాడు చెప్తాడు గానీ సగం నాకు తెలవదు" అన్నది.

అందుచేత తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. బడిలో చేరిన పిల్లల మాట అటుంచి, ఇంట ఉన్న చంటిబిడ్డలను చూడండి. ఆరు నెలల బిడ్డ వెనుకనుండి చప్పుడు చేస్తే తల త్రిప్పాలి. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి. ఏడాదిన్నరకు నాలుగు మాటలు రావాలి. రాకపోతే "మా వంశంలో మాటలు ఆలస్యమే" అని పెద్దలు చెప్పినా ఊరుకోకుండా జిల్లా ఆస్పత్రికి తీసుకొనిపొండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ, బడులకూ వస్తాయి. వారిని అడగడానికి మొహమాటపడకండి. శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా ఒకటి రెండేళ్ళు మాటల శిక్షణ తప్పదు. యంత్రం పెట్టించి శిక్షణ మాన్పించడం విత్తనం చల్లి నీరు పెట్టకపోవడం వంటిది.

ప్రస్తుతం మూడవ తరగతిలో ఒక అమ్మాయికి మూడేళ్ళ వయసులో నాగపూరులో శస్త్రచికిత్స జరిగింది. చెవి వెనుక పెట్టె, జడక్రింద బిళ్ళ. నలభై ఏడు డిగ్రీలు దాటే మన చంద్రపూర్ ఎండలలో చెమట ఆ పెట్టెకు శత్రువు. అందుకని రోజూ రాత్రి దానిని చెమ్మ పీల్చే గుళికలున్న డబ్బాలో పెడతారు. వెలుపలి యంత్రం చెడితే, తీగ తెగితే ఖర్చు తల్లిదండ్రులదే కావడం ఆ కుటుంబానికి భారం. పూర్వవిద్యార్థుల సంఘంవారు ఈ విషయమై ఒక చిన్న నిధి ఏర్పాటు చేస్తే బాగుంటుందని ఈ సంచిక ద్వారా విన్నవించుకుంటున్నాను. తరగతిలో ఆ అమ్మాయిని ఫ్యాను మ్రోతకు దూరంగా, ముందు వరుసలో కూర్చోబెడతాము. టీచర్లు ఆమెవైపు ముఖం పెట్టి పాఠం చెబుతారు. పద్యం నోటికి వస్తుంది, ఎక్కాలు వస్తాయి, తగవులు కూడా బాగానే వస్తాయి. ఉక్తలేఖనంలో మాత్రం శ, ష, స ల భేదం ఇంకా పట్టుబడలేదు. ఆ మాటకు వస్తే ఆ తరగతిలో చాలామందికి పట్టుబడలేదు.